తాతగారి కాగితంలోని జిల్లా ఎక్కడుంది?

(రేడియో ప్రసంగ పాఠం)



మలేషియాలోని బాగన్ దాతుక్ పేరు వినగానే మనవాళ్ళకి కొబ్బరితోటలు గుర్తుకొస్తాయి. ఆ తోటల్లో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవారి మనవలు, మునిమనవలు ఇప్పుడు పూర్వీకుల ఊరు వెతుక్కుంటున్నారు. కొందరికి ఓసీఐ కార్డు కోసం ఆధారం కావాలి, కొందరికి చుట్టాలు కావాలి. కానీ పాత కాగితంలో ఉన్న జిల్లా ఇప్పటి పటంలో దొరకదు. ఎందుకు దొరకదో ఈరోజు చెప్పుకుందాం.

ముందు బయలుదేరిన ఊరు సంగతి. ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీ ప్రధానంగా కాగితాల మీదే సంపాదించింది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి క్లైవు ఫర్మానా తీసుకున్నాడు. చక్రవర్తికి అప్పటికే ఆ నేల మీద పట్టు లేదు. అందుకే 1766లో నిజాముతో, ఏటా సొమ్ము కట్టే షరతు మీద, ఇంకో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. గుంటూరు మాత్రం 1788లో గానీ చేతికి రాలేదు.

ఇక చేరుకున్న ఊరు. పెరాక్‌లో 1874 జనవరి 20న పంగ్కోర్ ఒప్పందం జరిగింది. గద్దె కోసం తగాదా నడుస్తుండగా బ్రిటిషువారు రాజా అబ్దుల్లాను సుల్తానుగా గుర్తించారు. బదులుగా ఆయన ఒక రెసిడెంటును ఒప్పుకోవాలి. మతం, ఆచారం తప్ప మిగతా అన్ని విషయాల్లో అతని 'సలహా' అడిగి, పాటించి తీరాలి. పేరుకి రాజ్యం సుల్తానుదే, పాలన మాత్రం రెసిడెంటుది. మొదటి రెసిడెంటు బర్చ్‌ను మరుసటి ఏడాది నవంబరులో పెరాక్ నది ఒడ్డున పాసిర్ సలాక్‌లో చంపేశారు. అయినా పద్ధతి మారలేదు. 1896లో పెరాక్, మరి మూడు రాజ్యాలతో కలిసి సమాఖ్య అయింది.

పాలించేవాడు మారితే పేర్లూ మారతాయి. బాగన్ దాతుక్‌కు దగ్గరి పట్టణాన్ని ఆన్సన్ అనే బ్రిటిషు అధికారి పేరుతో తెలుక్ ఆన్సన్ అనేవారు. 1982లో అది తెలుక్ ఇంతాన్ అయింది. బాగన్ అంటే మలయ్ భాషలో పడవల రేవు. దాతుక్ గౌరవ బిరుదు, తాత అనే అర్థం కూడా ఉంది. పాత కాగితాల్లో ఈ ఊరు 'బాగన్ దాతో' అని కనిపిస్తుంది. హిలిర్ పెరాక్ జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2017లో విడి జిల్లా అయింది.

మన వైపు మార్పులు ఇంకా ఎక్కువ. టెక్కలి 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నంలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లాకు వచ్చింది. పార్వతీపురం విశాఖపట్నం నుంచి 1950లో శ్రీకాకుళానికి, 1979లో విజయనగరానికి మారి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాకు కేంద్రమైంది. ఊరు కదలలేదు, జిల్లాలు నాలుగు!

కంప్యూటరు వాళ్ళకి ఇది తెలిసిన తంతే. ఫోల్డరు పేరు మారినా లోపలి ఫైలు అదే. కాబట్టి వెతికే పద్ధతి ఇలా పెట్టుకోండి. మొదట కాగితం మీది సంవత్సరం చూడండి. ఆ ఏడు ఆ జిల్లా ఎంతవరకు ఉండేదో తెలుసుకోండి. తరువాత తాలూకా పేరు పట్టుకోండి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి, కనుక పాత తాలూకా ఊరు ఇప్పుడు వేరే మండలంలో ఉండవచ్చు. చివరకు గ్రామం పేరు, ఇంటిపేరు కలిపి అడగండి. మలేషియా వైపు భూమి పత్రమైతే ముకీం పేరు, లాట్ నంబరు చూడండి.

ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ వారమే కూర్చోబెట్టి ఊరిపేరు వారి నోటి ఉచ్చారణతోనే తెలుగులో రాసుకోండి. ఇంగ్లీషు గుమాస్తా రాసిన స్పెల్లింగు కంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది. జిల్లా పేరు ప్రభుత్వం దగ్గర దొరుకుతుంది, ఆ ఊరిపేరు మాత్రం వారి దగ్గరే ఉంది.

సెలవు.