మూడు ఓడి, నాలుగు గెలిచారు

ఏప్రిల్ నెల. ఎండ మండిపోతోంది. తార్నాక చౌరస్తా దగ్గర చెరుకు రసం బండి ఉంది. బండి మీద గోనె పట్టా కప్పిన ఐసుగడ్డ ఉంది. ఉస్మానియా యూనివర్సిటీలో చదివే ఒక అమ్మాయి రసం తాగడానికి వచ్చింది.

"పెద్దమ్మా, ఇట్లాంటి ఐసు మీద హాకీ ఆడే దేశాలున్నాయి, తెలుసా?" అంది.

"ఐసు మీదనా? కాలు జారి పడరా బిడ్డా?" అని బండి పెద్దమ్మ నవ్వింది.

అమ్మాయి ఆ ఆట సంగతి చెప్పింది.

ఐసు మీద ఆట

హాకీ మనకు తెలిసిన ఆటే. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ అనే పోటీ మొదలైంది. ఆ ఏడాది హైదరాబాద్ సుల్తాన్స్ జట్టు గెలిచింది. అది నేల మీద ఆడే హాకీ. జట్టుకు 11 మంది ఉంటారు.

ఐస్ హాకీలో జట్టుకు ఆరుగురే ఆడతారు. అందులో ఒకరు గోలు కాస్తారు. బూట్ల అడుగున కత్తిలాంటి ఉక్కు పట్టీ ఉంటుంది. దాని మీద జారుతూ పోతారు. బంతి ఉండదు. నల్లని రబ్బరు బిళ్ళ ఉంటుంది. దాని వెడల్పు 3 అంగుళాలు, మందం 1 అంగుళం.

కెనడా దేశంలో చలి ఎక్కువ. చలికాలంలో చెరువులు గడ్డకడతాయి. వాటి మీద ఈ ఆట ఆడేవారు. తర్వాత పెద్ద హాళ్ళలో ఐసు నేల తయారు చేశారు.

ఎట్లా? ఐసు ఫ్యాక్టరీ పద్ధతే. ఉప్పునీళ్ళు మంచినీళ్ళంత తొందరగా గడ్డకట్టవు. అందుకే వాటిని బాగా చల్లబరచవచ్చు. ఫ్యాక్టరీలో ఆ ఉప్పునీళ్ళలో మంచినీళ్ళ డబ్బాలు ముంచుతారు. డబ్బాల్లో నీళ్ళు గడ్డలవుతాయి. హాలులో అయితే నేల కింద గొట్టాలు వేస్తారు. వాటిలో చల్లని ఉప్పునీళ్ళు పారిస్తారు. పైన పోసిన మంచినీళ్ళు గడ్డకడతాయి. అందుకే ఏప్రిల్ నెలలో కూడా ఆడగలరు.

1942 పోటీ

కెనడాలో, అమెరికాలో జీతం తీసుకుని ఐస్ హాకీ ఆడే జట్లున్నాయి. అన్నిటికన్నా పెద్ద బహుమతి స్టాన్లీ కప్పు. కెనడా గవర్నర్ జనరల్ స్టాన్లీ దొర 1892లో ఆ వెండి కప్పు ఇస్తానని ప్రకటించాడు. ఆఖరి పోటీలో రెండు జట్లు ఏడు ఆటల దాకా ఆడతాయి. ముందు నాలుగు ఆటలు గెలిచిన జట్టుదే కప్పు.

1942 ఏప్రిల్‌లో రెండు జట్లు ఆఖరి పోటీకి వచ్చాయి. ఒకటి కెనడాలోని టొరంటో నగరం జట్టు. రెండోది అమెరికాలోని డెట్రాయిట్ నగరం జట్టు.

మొదటి ఆటలో టొరంటో 3-2 తేడాతో ఓడింది. రెండోది 4-2తో ఓడింది. మూడోది 5-2తో ఓడింది. ఇంకొక్కటి ఓడితే అంతే. పోటీ అయిపోయిందనే అనుకున్నారు చాలామంది.

ఒక ఉత్తరం

టొరంటో జట్టు కోచ్ పేరు హ్యాప్ డే. ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. రాసింది 14 ఏళ్ళ అమ్మాయి. వరసగా నాలుగూ ఓడిపోతే బడికి పోవడానికి తనకు సిగ్గుగా ఉంటుందని రాసింది. నాలుగో ఆటకు ముందు కోచ్ ఆ ఉత్తరం ఆటగాళ్ళకు చదివి వినిపించాడు.

ఉత్తరం ఒక్కటే గోల్స్ కొట్టదు కదా! కోచ్ జట్టును కూడా మార్చాడు. ఎక్కువ గోల్స్ కొట్టే గోర్డీ డ్రిల్లన్‌నే పక్కన కూర్చోబెట్టాడు. అంతగా పేరు లేని డాన్ మెట్జ్‌కు చోటిచ్చాడు.

నాలుగో ఆటలో కూడా ముందు డెట్రాయిటే రెండు గోల్స్ కొట్టింది. అయినా టొరంటో వదల్లేదు. 4-3తో గెలిచింది. ఐదో ఆట 9-3తో గెలిచింది. అందులో మెట్జ్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఆరో ఆట 3-0తో గెలిచింది.

ఏడో ఆట ఏప్రిల్ 18న టొరంటోలో జరిగింది. చూడడానికి 16,218 మంది వచ్చారు. ముందు గోలు మళ్ళీ డెట్రాయిట్‌దే. ఆఖరి భాగంలో టొరంటో మూడు గోల్స్ కొట్టింది. 3-1తో గెలిచి కప్పు తీసుకుంది.

2024లో ఎడ్మంటన్ జట్టు కూడా ఇట్లాగే మూడు ఓడి, మూడు గెలిచింది. కానీ ఏడో ఆట ఓడిపోయింది. ఆఖరి పోటీలో మొదటి మూడూ ఓడి కప్పు గెలిచింది 2025 దాకా 1942 నాటి టొరంటో జట్టు ఒక్కటే.

గెలిచిన వాళ్ళ పేర్లు ఆ కప్పు మీద చెక్కుతారు. ఉత్తరం రాసిన పిల్ల పేరు దాని మీద లేదు.

పెద్దమ్మ కార్డు

కథ విని పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆమె మనవరాలు ఊళ్ళో ఉంది. పోయినేడు పదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పింది. మళ్ళీ రాయనని కూచుంది. ఫోన్ చేస్తే మాట్లాడదు.

"ఆ పిల్ల రాసింది నాలుగు మాటలే గదా బిడ్డా?" అని అడిగింది పెద్దమ్మ.

"అవును పెద్దమ్మా."

ఆ సాయంత్రం పెద్దమ్మ రాత్రిబడికి పోతూ పోస్టు కార్డు కొన్నది. తప్పులు పోకుండా మెల్లగా రాసింది. "లెక్కలు మళ్ళీ రాయి బిడ్డా. ఫీజు నేను కడతా. నీ నాయనమ్మ" అని రాసింది. అడ్రసు కూడా తనే రాసింది.