యంత్రం వచ్చాక లాభం వచ్చిందా? లెక్క చూచే పద్ధతి

సంఘానికి కొత్త యంత్రం కొనాలన్న ప్రతిపాదన మహాజనసభకు వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినబడుతుంటాయి. "దీనివల్ల సభ్యులకు ఎంతో లాభం" అని ఒకరు, "ఖర్చు తప్ప మరేమీ లేదు" అని మరొకరు. ఇద్దరి దగ్గరా లెక్క ఉండదు. పాలపరీక్ష యంత్రమైనా, బల్క్ కూలరైనా కొనేది సభ్యుల డబ్బుతోనే. కనుక ఈ లెక్క ఎలా కట్టాలో తెలుసుకొనుట అవసరం. పాలవలెనే నిలువ ఉండని సరుకు చేప. కేరళ తీరంలో చేపల మీద కట్టిన లెక్క ఒకటి ఇందుకు బాగా పనికివస్తుంది.

ఉత్తర కేరళలో మత్స్యకారులు చీకటితోనే వేటకు పోయి, సార్డీన్ చేపలు పట్టి ఉదయానికి ఒడ్డుకు వస్తారు. బజారు కొద్ది గంటలలోనే ముగిసిపోతుంది. ఏ ఒడ్డున బేరగాళ్ళు ఎక్కువమంది ఉన్నారో సముద్రం మీద ఉన్నవారికి తెలిసే మార్గం అప్పట్లో లేదు. వెతుక్కుంటూ తిరుగుదామంటే చమురు ఖర్చు, పైగా వేళ మించిపోతుంది. అందుచేత దాదాపు అందరూ తమ ఊరి ఒడ్డునే అమ్ముకునేవారు. 1997 జనవరి 14 ఉదయం వడకరలో 11 మంది మత్స్యకారులకు కొనే నాథుడే లేకపోయాడు. అదే వేళకు అక్కడికి 15 కిలోమీటర్లలోపు ఉన్న బజార్లలో 27 మంది బేరగాళ్ళు చేప దొరకక ఉత్త చేతులతో వెళ్ళబోతున్నారు. ఒకచోట సరుకు పారబోత, పక్కచోట సరుకు కరువు!

ఆ నెలాఖరుకే కోళికోడ్ ప్రాంతానికి సెల్‌ఫోన్ సౌకర్యం వచ్చింది. 1998లో కన్నూరుకు, 2000లో కాసరగోడుకు వచ్చింది. టవర్లు తీరానికి దగ్గరగా ఉండటంతో సముద్రంలో 20, 25 కిలోమీటర్ల దూరం వరకు ఫోను అందేది. పడవ మీద నుంచే ధర కనుక్కుని, ఏ ఒడ్డుకు పోవాలో నిర్ణయించుకోసాగారు.

రాబర్ట్ జెన్సెన్ అనే అమెరికా ఆర్థికవేత్త ఈ మూడు ప్రాంతాలలోని 15 బజార్లలో, 300 పడవల వారి వద్ద వారం వారం వివరాలు రాయించారు. 1996లో, అంటే ఫోను రాకముందే మొదలుపెట్టి 2001 వరకు సాగించారు. ఎంత పట్టారు, ఎక్కడ అమ్మారు, ఏ ధరకు, ఎంత పారబోశారు – అడిగినవి ఇవే. మన సంఘ రిజిస్టరులోని గడులకంటే గొప్పవేమీ కావు.

ఫోను వచ్చాక లాభం పెరిగిందనుకొందాం. అది ఫోనువల్లనే అని ఎలా చెప్పగలం? ఆ ఏడు చేపలే బాగా పడి ఉండవచ్చు, చమురు ధర తగ్గి ఉండవచ్చు. ఇక్కడే మూడు ప్రాంతాలకు మూడు వేళల్లో ఫోను రావడం అక్కరకు వచ్చింది. కోళికోడ్‌లో ఫోను ఉండి కన్నూరులో లేని రోజులలో సముద్రం ఒకటే, రుతువులు ఒకటే. ఐనా ధరలు కుదుటపడినది కోళికోడ్‌లో మాత్రమే. 1998 తరువాత కన్నూరులోనూ, 2000 తరువాత కాసరగోడులోనూ అదే మార్పు కనబడింది. ఇక అనుమానానికి చోటు తక్కువ.

అంతకుముందు పట్టిన దానిలో 5 నుంచి 8 శాతం వరకు పారబోసేవారు. అది దాదాపు పూర్తిగా ఆగింది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది, వినియోగదారు ఇచ్చే ధర 4 శాతం తగ్గింది. ఇద్దరికీ ఒకేసారి మేలు ఎలా జరిగిందని సందేహం రావచ్చు. పారబోసే చేప బజారుకు చేరింది; అందులోనే ఉంది కిటుకు. ఈ లెక్కలు 2007లో ప్రచురింపబడినవి.

అయితే కథ అంతటితో ముగియలేదు. తరువాత అదే తీరంలో తిరిగి చూచిన ఇతర పరిశోధకులు మరొక సంగతి చెప్పారు. పడవకూ వలకూ దళారి వద్ద అప్పు తెచ్చుకున్నవారు చేపను అతని ద్వారానే అమ్మాలి. చేతిలో ఫోను ఉన్నా, పక్క ఒడ్డు ధర తెలిసినా, అక్కడికి పోయే స్వేచ్ఛ అందరికీ లేదు. సగటు అంకెలో ఈ తేడా కనబడదు. పూర్వం పాల వ్యాపారి వద్ద బయానా తీసుకుని గేదెను కొన్న మన రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మన సంఘాలలో బల్క్ కూలర్ పెట్టినప్పుడు సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, వేసవిలో పెట్టి, చలికాలంలో లెక్క చూచుకొని సంతోషించడం. చలికాలంలో గేదె పాలు ఎటూ ఎక్కువే, పుల్లిపోయేవి ఎటూ తక్కువే. ఈ మే నెలను నిరుటి మే నెలతో పోల్చాలి. అదే రూటులో కూలర్ లేని పక్క సంఘం వారి అంకెలు కూడా అడిగి తెచ్చుకోవాలి. పుల్లినవని తిప్పి పంపిన పాలు అక్కడా సగానికి తగ్గి ఉంటే, అది కూలర్ చలువ కాదు. తరువాత సగటు ఒక్కటే చూడక, రోజుకు రెండు లీటర్లు పోసేవారి ఖాతాలు విడిగా, ఇరవై లీటర్లు పోసేవారివి విడిగా తీసి చూడాలి. కరెంటు బిల్లు, మరమ్మతు ఖర్చు కూడా ఆ పక్కనే వేయాలి.

ఇవన్నీ చేయాలంటే యంత్రం రాకముందు సంవత్సరపు రిజిస్టర్లు ఉండాలి. చాలాచోట్ల అవే దొరకవు. కొనుగోలు తీర్మానం చేసిన రోజునే కార్యదర్శి పాత పుస్తకాలను కట్టగట్టి బీరువాలో పెట్టించవలెను.