గ్లూకోజు సెన్సారును ఎంతవరకు నమ్మవచ్చును?

మధుమేహముగల వారిలో పలువురు నేడు చేతి పైభాగమున గ్లూకోజు సెన్సారును అంటించుకొనుచున్నారు. అది కొలుచునది రక్తమును కాదు. దాని సన్నని తీగ చర్మము క్రింద, కణముల నడుమనుండు ద్రవములోని గ్లూకోజును కొలుచును. తీగపైనున్న ఎంజైము గ్లూకోజుతో చర్య నొందగా పుట్టు స్వల్ప విద్యుత్తే అంకెగా మారి మనకు కనబడును.

రక్తములోని మార్పు ఆ ద్రవమును చేరుటకు కొన్ని నిమిషములు పట్టును. చక్కెర నిలకడగా నున్నపుడు ఈ ఆలస్యము వలన చిక్కులేదు. కాని ఇన్సులిన్ తీసికొని వేగముగా నడచినవేళ, రక్తమున చక్కెర డెసిలీటరుకు 62 మిల్లీగ్రాములకు దిగియుండగా సెన్సారు ఇంకను 80 అని చూపవచ్చును. 70కి దిగువ అపాయము గనుక ఈ భేదము చిన్నది కాదు.

సెన్సారు పెట్టిన తొలిదినమున తేడాలు అధికము. నిద్రలో ఆ చేతిపై ఒరిగినచో లేని తగ్గుదలను చూపవచ్చును. కొన్నిరకముల సెన్సారులలో పారాసిటమాల్ అంకెను పెంచును.

కావున చెమట, వణుకు, తడబాటు కలిగినపుడు అంకె బాగున్నను నమ్మరాదు. వ్రేలికొన నెత్తురుతో సరిచూచుకొనవలెను. అందుకు వీలులేనిచో వెంటనే చక్కెర తినవలెను. రేయింబవళ్ల ఎగుడుదిగుడులు తెలుపుటలో సెన్సారుకు సాటిలేదు. ఒక్క అంకెకు మాత్రము దేహమే సాక్షి.