వానపట్టికకు రంగులు వేసేటప్పుడు

వాతావరణ శాఖ ఏడాదిని నాలుగు కాలాలుగా విడదీస్తుంది. జనవరి, ఫిబ్రవరి శీతకాలం. మార్చి నుంచి మే దాకా వేసవి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు, ఆపైన డిసెంబరు చివరి దాకా ఈశాన్య రుతుపవనాలు. లీపు సంవత్సరం కాకపోతే వీటి రోజులు వరుసగా 59, 92, 122, 92.

కర్నూలు, కడప జిల్లాల వర్షపాతాన్ని ఏళ్లవారీగా ఈ కాలాల కింద పేర్చితే అంకెల పట్టిక వస్తుంది. గణితంలో దీన్ని మాత్రిక అంటారు. ప్రతి గడిలో అంకెకు బదులు దాని స్థాయికి తగిన రంగు నింపితే కరువేళ్లు, మంచి ఏళ్లు ఒక్క చూపులో తెలిసిపోతాయి.

ఈ పనికి ‘ఆర్’ చక్కని సాధనం. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించిన గణాంక భాష ఇది; ఉచితంగా దొరుకుతుంది. ఇందులో ‘ఇమేజ్’ అనే ఆదేశం మాత్రికకు రంగులు వేస్తుంది. కొలతలేవీ ఇవ్వకపోతే గళ్లన్నిటినీ ఒకే వెడల్పున గీస్తుంది. అప్పుడు 59 రోజుల శీతకాలానికీ 122 రోజుల నైరుతికీ బొమ్మలో తేడా ఉండదు.

సరైన పద్ధతి గళ్ల సరిహద్దులు చెప్పడం. నాలుగు గళ్లకు ఐదు సరిహద్దులు కావాలి: 0, 59, 151, 273, 365. చాలామంది ఇక్కడే తడబడి ఒక్కో కాలానికి మధ్య రోజును మాత్రమే ఇస్తారు: 29.5, 105, 212, 319. ‘ఆర్’ వాటినీ కాదనదు. పక్కపక్కనున్న రెండు మధ్య రోజులకు సరిగ్గా నడుమ గీత గీస్తుంది. ఆ లెక్కన నైరుతి 158.5 దగ్గర మొదలై 265.5 దగ్గర ముగుస్తుంది. అంటే ఏడున్నర రోజులు ఆలస్యంగా వచ్చి, ఏడున్నర రోజులు ముందే వెళ్లిపోయినట్టు! ఎలాంటి హెచ్చరికా రాదు కాబట్టి ఈ తప్పు కంటపడడం కష్టం.

వెడల్పు కుదిరాక అసలు ప్రశ్న రంగుది. నైరుతిలో 244 మిల్లీమీటర్లు, ఈశాన్యంలో 184 మిల్లీమీటర్లు కురిశాయనుకుందాం. మొత్తాలకు రంగు వేస్తే నైరుతి ముదురుగా, ఈశాన్యం వెలిసినట్టుగా కనిపిస్తుంది. రోజులతో భాగించి చూస్తే రెండు కాలాల్లోనూ రోజుకు 2 మిల్లీమీటర్లే. వెడల్పు ఇప్పటికే రోజుల సంఖ్యను చెబుతోంది. మొత్తానికి రంగు వేస్తే ఆ రోజులను రెండోసారి లెక్కించినట్టవుతుంది. గళ్ల వెడల్పులు వేరైనప్పుడు రంగు రోజువారీ సగటుకే చెందాలి.

మన రాయలసీమలో ఇది చిన్న విషయం కాదు. నల్లరేగడి నేలల్లో పప్పుశనగ విత్తేది అక్టోబరు, నవంబరు నెలల్లో. ఆ పైరుకు నేలలో నిలిచిన తేమే ఆధారం. కర్నూలు కంటే కడపకు ఈశాన్యం మరింత ముఖ్యం. ఆ గడిని అకారణంగా పాలిపోయేలా చూపిన బొమ్మ పంటల ప్రణాళికకు పనికిరాదు.

ఒక పరిమితి కూడా ఉంది. 2009లో కర్నూలును తుంగభద్ర ముంచెత్తింది అక్టోబరు 2న. ఆ వరదకు కారణమైన వాన సెప్టెంబరు ఆఖరులోనే మొదలైంది. కాలాలవారీ పట్టికలో ఆ ఒక్క వాన రెండు గళ్లలోకి చీలిపోతుంది, సగటుల్లో పలచబడుతుంది. వరదలను చూడాలంటే వారాల పట్టికే గీయాలి.

జిల్లా వర్షపాతాన్ని రంగుల్లో ప్రచురించేవారికి ఒక్క విన్నపం: రంగుల సూచిక పక్కన ‘రోజుకు మిల్లీమీటర్లు’ అని తప్పక రాయండి.