మంచు కొండలకు కుటుంబ ప్రయాణం: పెద్ద వాహనం ఎంపికలో చూడవలసినవి

భిలాయిలోని నెహ్రూ నగర్‌లో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకుతుంది. శీతకాలంలో తెల్లవారుజామున కమ్మే పొగమంచు తప్ప అక్కడి రోడ్డుపై మంచు కనిపించదు. సర్గుజా జిల్లా మైన్‌పాట్‌లో గడ్డి కొసలపై పేరుకునే తెల్లని నూగును చూసివచ్చినవారే దానిని విశేషంగా చెప్పుకుంటారు. 1959 ఫిబ్రవరి 4న తొలి ఊదుకొలిమి ప్రారంభమైన ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో ఎన్నో ఉన్నాయి. తాతయ్య, నాయనమ్మలతో, పిల్లలతో కలిసి మనాలి వరకు సొంత బండిలో వెళ్లాలన్న కోరిక అలాంటి ఇళ్లలో కలగడం సహజం. దూరం 1,700 కిలోమీటర్లకు పైమాటే. అయితే కష్టమంతా చివరి 30 కిలోమీటర్లలోనే ఉంది.

తెలుగులో పొగమంచుకూ, ఆకులపై బిందువులకూ, ఆకాశం నుంచి రాలే హిమానికీ, గడ్డకట్టిన నీటికీ మంచు అన్న మాటనే వాడుతారు. రోడ్డు మీద మాత్రం వీటి స్వభావాలు వేరు. పొడి తారురోడ్డుపై గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం బ్రేకు పడ్డాక 5 మీటర్లలో ఆగగలదు. అణగిన హిమంపై అదే వాహనానికి దాదాపు 18 మీటర్లు పడుతుంది. గాజుపలకలా గడ్డకట్టిన పొరపై 35 మీటర్లు దాటవచ్చు. బరువైన బండి రోడ్డును గట్టిగా పట్టుకుంటుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. బరువు పెరిగితే పట్టు పెరిగే మాట నిజమే కానీ, ఆపవలసిన భారమూ అంతే పెరుగుతుంది. అందువల్ల ఎనిమిది మంది కూర్చున్న వాహనమైనా, ఒక్కరే ఉన్న వాహనమైనా ఆగే దూరంలో పెద్దగా తేడా ఉండదు.

వాహనం ఎంచుకునేటప్పుడు సీట్ల సంఖ్యకన్నా ముందు అడగవలసినది ఇంజిన్ శక్తి ఏ చక్రాలకు అందుతుందన్నది. మారుతి ఎర్టిగా, కియా కారెన్స్, కియా కార్నివాల్, టయోటా ఇన్నోవా హైక్రాస్ ముందు చక్రాలతో నడుస్తాయి. ఇన్నోవా క్రిస్టా, ఫోర్స్ ట్రావెలర్ వెనుక చక్రాలతో నడుస్తాయి. చదునైన మంచు దారిలో ముందు చక్రాల బండ్లు బాగానే సాగుతాయి, ఎందుకంటే ఇంజిన్ బరువు ఆ చక్రాల మీదే ఉంటుంది. మూడో వరుస నిండి, వెనుక సామాను కూడా చేరి, నిటారు ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది. ముందు చక్రాలు తేలికై ఒక్కచోటనే గిరగిర తిరుగుతాయి. వెనుక చక్రాల బండి నిండుగా ఉన్నప్పుడు ఎత్తు ఎక్కడంలో నయం. ఖాళీగా ఉంటే మలుపుల్లో దాని తోక పక్కకు జారుతుంది. మంచు గొలుసులు కొనేవారికీ ఈ వివరం అవసరమే. ఇంజిన్ తిప్పే చక్రాలకే గొలుసులు కట్టాలి. వాటితో నిదానంగా నడపాలి, పొడి రోడ్డు రాగానే విప్పివేయాలి.

ఫోర్ వీల్ డ్రైవ్ సౌకర్యం టయోటా ఫార్చ్యూనర్, మహీంద్రా స్కార్పియో-ఎన్ వంటి వాహనాల కొన్ని రకాల్లో లభిస్తుంది. కదలడానికీ, ఎత్తు ఎక్కడానికీ అది ఎంతో మేలు. ఆగడానికి మాత్రం దానివల్ల ఒరిగేది లేదు, బ్రేకులు ఏ బండికైనా నాలుగు చక్రాలకూ ఉన్నవే కదా. దిగేటప్పుడు బ్రేకును నమ్ముకోకుండా తక్కువ గేరులో ఇంజిన్‌తోనే వేగాన్ని అదుపు చేయడం కొండ డ్రైవర్ల పద్ధతి. ఇక టైర్ల సంగతి. మన ఎండలకు తయారైన రబ్బరు 7 డిగ్రీల దిగువన బిరుసెక్కుతుంది. మూడు శిఖరాల కొండలో హిమ నక్షత్రం గుర్తు ఉన్నవే అసలైన శీతకాలపు టైర్లు. కేవలం ఎం, ఎస్ అక్షరాలు ఉన్నంతమాత్రాన అవి ఆ కోవలోకి రావు.

పొడవు కూడా చిన్న విషయం కాదు. ఎర్టిగా దాదాపు 4,400 మిల్లీమీటర్లు, క్రిస్టా 4,735, కొత్త కార్నివాల్ 5,155. ఎదురుగా బస్సు వచ్చే మలుపులో ఈ తేడా చెమటలు పట్టిస్తుంది. ఏడు సీట్లలో ఏడుగురు కూర్చుంటే పెట్టెలు పైకప్పు ఎక్కుతాయి. అప్పుడు బండి గరిమనాభి పైకి జరిగి, జారే మలుపుల్లో తూగు ఎక్కువవుతుంది. ఏడు సీట్ల వాహనాన్ని ఐదుగురి వాహనంగా లెక్కించడమే క్షేమం. ఏడుగురూ వెళ్లక తప్పదంటే రెండు బండ్లు మేలు, ఒకటి చిక్కుకుంటే రెండోది ఆదుకుంటుంది.

2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం సముద్రమట్టానికి 3,000 మీటర్లకు పైన ఉంది. ఆ ఎత్తులో గాలి సాంద్రత దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజిన్‌ శక్తిలోనూ ఇంచుమించు అంత లోటు కనిపిస్తుంది. డీజిల్‌ది మరో ఇబ్బంది. చలికి అందులోని మైనం గడ్డలు కట్టి ఫిల్టరును మూసివేస్తుంది. మైదాన ప్రాంతపు శీతకాలపు డీజిల్‌కు ప్రమాణాలు నిర్దేశించిన వడపోత హద్దు 6 డిగ్రీలు మాత్రమే. మైనస్ 33 డిగ్రీల వద్ద కూడా ప్రవహించే ప్రత్యేక డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లద్దాఖ్‌లో ప్రవేశపెట్టింది ఈ సమస్య కోసమే. అందువల్ల పంజాబు మైదానంలో నింపిన ట్యాంకుతో లాహౌల్ లోయలో రాత్రి బస చేయడం మంచిది కాదు. రేడియేటరులో మంచినీళ్లు పోసి నెట్టుకొచ్చే అలవాటు భిలాయిలో చెల్లుతుందేమో కానీ, అక్కడ ఆ నీరు గడ్డకట్టి ఇంజిన్‌ను పగలగొడుతుంది. కూలెంట్, నీరు సగం సగం ఉంటే మైనస్ 35 డిగ్రీల వరకు భయం లేదు.

ఇంత చూసి కొన్నా, మనాలి నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోని నెహ్రూ కుండ్ దగ్గర కథ మారవచ్చు. భారీ హిమపాతం తరువాత పోలీసులు సాధారణ వాహనాలను అక్కడే నిలిపివేసి, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను మాత్రమే పైకి పంపుతుంటారు. నెహ్రూ నగర్ బండి నెహ్రూ కుండ్ దాకా అన్నమాట. అక్కడ దానిని నిలిపి, ఆ దారి తెలిసిన స్థానిక డ్రైవరు జీపులో ముందుకు సాగడం చాలా కుటుంబాలకు చవకైన, భద్రమైన మార్గం. ఏడాదికి నాలుగు రోజుల మంచు కోసం ఖరీదైన వాహనం కొనడం కన్నా ఇది తెలివైన ఖర్చు.

దారిలో చిక్కుకుంటే ఏం చేయాలో మాత్రం ప్రతి కుటుంబమూ ముందుగానే తెలుసుకోవాలి. 2022 జనవరి 7 రాత్రి పాకిస్థాన్‌లోని మర్రీ కొండదారిలో హిమపాతానికి వాహనాలు కూరుకుపోయి, పిల్లలతో సహా కనీసం 22 మంది మరణించారు. చలితో పాటు కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు కూడా వారి ప్రాణాలు తీసినట్లు భావించారు. పొగగొట్టం మంచుతో మూసుకుపోయినప్పుడు హీటరు కోసం ఇంజిన్ నడిపితే వాసనే లేని ఆ వాయువు లోపలికి చేరుతుంది. నిద్రలో ఉన్నవారికి తెలియను కూడా తెలియదు. బండిలో ఒక చిన్న పార, కంబళ్లు, తాగునీరు, పెద్దల మందులు తప్పనిసరిగా ఉండాలి. ఇంజిన్ వేసే ప్రతిసారీ ఒకరు దిగి పొగగొట్టం చుట్టూ మంచు తొలగించాలి. గాలి వీచే దిశకు ఎదురువైపు కిటికీని వేలెడు సందు తెరిచి, గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజిన్ నడపాలి. మిగతా వేళ దానిని ఆపివేసి, ఒకరు మేలుకుని ఉండాలి.