వెన్నుపూసలు కలిపిన స్నేహం

వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగిన తరువాత మనిషిని మిక్కిలి భయపెట్టేది తుమ్ము. ఈ సంగతి నాకు ఏ వైద్యుడూ చెప్పలేదు. చెప్పినవారు తెనాలికి చెందిన ఒక పెద్దమనిషి. నాకు ఆపరేషన్ అయిన నెలలోనే, అదే ఆసుపత్రిలో ఆయనకూ అయినది. మంచులో నడవరాదు కనుక ఇద్దరమూ నడుముకు పట్టీలు బిగించుకొని ఉదయం వేళ షాపింగ్ మాల్‌లో నడిచేవాళ్ళం. ఇంట్లో ఎవరు అడిగినా "ఫరవాలేదు" అనే నేను, కాలి బొటనవేలి తిమ్మిరి గురించి, మళ్ళీ పాత మనిషిని కాగలనా అన్న బెంగ గురించి ఆయనతోనే చెప్పుకొన్నాను.

వెన్నెముకలో కదిలే పూసలు 24. వాటి నడుమ మెత్తల వలె 23 డిస్కులు ఉన్నవి. తాటికాయ పీచు నడుమ ముంజె ఉన్నట్లు, ప్రతి డిస్కులోనూ గట్టి పీచు వలయం నడుమ నీటితో నిండిన గుజ్జు ఉంటుంది. ఆ గుజ్జులోని అగ్రికాన్ అనే మహాణువుకు ఋణ విద్యుదావేశం గల చక్కెర గొలుసులు దువ్వెన పళ్ళ వలె అమరి ఉంటాయి. ఆ ఆవేశం సోడియం అయాన్లను ఆకర్షిస్తుంది. సోడియం వెంట నీరు వస్తుంది. పగటి బరువుకు కోల్పోయిన నీటిని డిస్కులు రాత్రి పడుకొన్నప్పుడు తిరిగి పీల్చుకొంటాయి. సాయంత్రం కంటే ఉదయం మనం సుమారు ఒక సెంటీమీటరు పొడవుగా ఉండటానికి కారణం ఇదే.

వయస్సుతో అగ్రికాన్ క్షీణిస్తుంది, గుజ్జు ఎండుతుంది. వలయం చిట్లి గుజ్జు వెలికి పొంగితే నాడి నలిగి కాలి పొడవునా పోటు పుడుతుంది. ఈ సంబంధాన్ని 1934లో బోస్టన్ శస్త్రవైద్యులు మిక్స్‌టర్, బార్ స్పష్టపరచారు. పొంగిన ముక్కను తొలగిస్తే నాడికి ఊపిరాడుతుంది. కాని పెద్దల డిస్కు లోపలి భాగంలో రక్తనాళాలు లేవు. పోషకాలు మెల్లగా ఊరి చేరవలసిందే. అందుచేత కత్తి పని గంటలలో ముగిసినా, మానటం నెలల పని.

ఆ నెలలు గడపటమే కష్టం. ఒకనాడు ఆయన నడుస్తూనే, "డాక్టరు గారూ, దత్తపది ఇస్తున్నాను. వెన్ను, వెన్న, వెన్నెల, వెన్నుడు. భారతార్థంలో పద్యం చెప్పండి" అన్నారు. బడి విడిచాక ఛందస్సు ముట్టని నాకు మూడు రోజులకు ఒక ఆటవెలది కుదిరింది. తప్పిన యతిని ఆయన సరిదిద్దారు. మరునాడు నేను ఇనుము, వెండి, రాగి, సీసము ఇచ్చి బదులు తీర్చుకొన్నాను. వసంతం వచ్చేసరికి ఒక నోటుపుస్తకం నిండింది. పద్యం వెతుక్కొంటూ నడిచిన రోజున మూడవ చుట్టు ఎప్పుడు పూర్తయినదో తెలిసేది కాదు.

ఇది కేవలం మరపేనా? నొప్పిని తగ్గించే ఎన్‌కెఫలిన్ అనే అణువులు మన మెదడులోనే తయారవుతాయని 1975లో ఆబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ కనుగొన్నారు. ఎండార్ఫిన్లు ఈ కుటుంబానివే. 2010లో ప్రచురితమైన ఆక్స్‌ఫర్డ్ ప్రయోగంలో 12 మంది పడవ క్రీడాకారుల చేత వ్యాయామ యంత్రాలపై ఒకసారి ఒంటరిగా, ఒకసారి జట్టుగా లయ కలిపి తెడ్డు వేయించారు. తరువాత చేతికి రక్తపోటు పట్టీ బిగించి, ఎంత ఒత్తిడి వద్ద నొప్పి అంటారో చూశారు. శ్రమ సమానమే అయినా, జట్టుగా చేసినప్పుడు ఓర్పు ఎక్కువగా పెరిగింది. ఎండార్ఫిన్లను నేరుగా కొలవలేదు. అవే కారణమై ఉండవచ్చునని పరిశోధకులు భావించారు. ఆరోగ్యవంతులైన యువకుల ఫలితాన్ని ఇద్దరు నడివయసు రోగులకు అంటగట్టటం శాస్త్రం కాదు. అయినా, అడుగు కలిపి, పదం కలిపి నడిచిన మా అనుభవం ఆ దిశకు విరుద్ధంగా లేదు.

నా బొటనవేలి తిమ్మిరి నేటికీ పూర్తిగా పోలేదు. స్నేహం నాడిని అతికించలేదు. అతుకుకొనే వరకు ఓపికను ఇచ్చింది. గత ఏడాది మన సంఘంలో మరొకరికి ఇదే ఆపరేషన్ అయినదని తెలిసి మేమిద్దరం చూడబోయాము. దిండును పొట్టకు అదుముకొని తుమ్మితే నడుముకు అదురు తగ్గుతుందని చెప్పి, నోటుపుస్తకం ఆయన చేతిలో పెట్టి వచ్చాము. మీలో ఈ దారి నడిచినవారు ఉంటే, కొత్తగా నడవబోయే వారి తలుపు ఒకసారి తట్టండి.