లోహపు గాజు, ఆఘాత తరంగం

కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు, సత్తుపల్లి ప్రాంతాల సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గుపొర మీది ఇసుకరాతిని తొలగించడానికి ఓబీ (ఓవర్‌బర్డెన్, అంటే బొగ్గు మీది పొర) బెంచీలలో వరుసగా రంధ్రాలు వేసి, వాటిని ఎమల్షన్ మందుతో నింపి పేలుస్తారు. ఆ మందులో పేలుడు సెకనుకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో సాగి, రంధ్రం గోడ మీద కొన్ని గిగాపాస్కల్‌ల ఒత్తిడిని మోపుతుంది. ఒక గిగాపాస్కల్ దాదాపు పదివేల వాతావరణ పీడనాలకు సమానం. అయితే బెంచీ అంతా ఆ నొక్కుడుకే బద్దలవుతుందనుకోవడం పొరపాటు. రంధ్రం చుట్టూ కొద్దిమేర రాయి నలిగి పిండి అవుతుంది; పేలుడు పుట్టించిన ఆఘాత తరంగం దాన్ని దాటి బెంచీ బయటి ముఖాన్ని చేరి, అక్కడ ఆనుకోవడానికి ఏమీ లేక, రాతిని నొక్కేదల్లా లాగేదిగా మారి వెనక్కి తిరుగుతుంది. నొక్కుడును ఓర్చుకునే రాయి లాగుడును ఓర్చలేక పగులుతుంది. వెనుక వచ్చే వాయువులు ఆ పగుళ్లను విడదీసి ముందుకు తోస్తాయి.

తరంగం ఇలా తిరిగి వచ్చేటప్పుడే లోహపు గాజు సత్తువ కూడా బయటపడుతుంది. ఖమ్మంలో నునుపు చేసిన గ్రానైటు పలకలో వేర్వేరు ఖనిజాల రేణువులు ఒకదానినొకటి ఆనుకొని కనిపించినట్లే, మామూలు ఇనుములో, రాగిలో కంటికి కనబడని స్ఫటిక రేణువులు ఉంటాయి. ఒక్కొక్క రేణువులో పరమాణువులు వరుస తప్పకుండా అమరి ఉంటాయి. ద్రవలోహాన్ని పరమాణువులు వరుస కట్టే వ్యవధి కూడా ఇవ్వకుండా చల్లార్చితే ఆ ద్రవపు అస్తవ్యస్త అమరికే గట్టిపడి నిలుస్తుంది; అదే లోహపు గాజు. 1960లో అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక సంస్థ, అంటే కాల్‌టెక్‌లో పోల్ డ్యూవే బృందం బంగారం, సిలికాన్ మిశ్రమాన్ని సెకనుకు పది లక్షల డిగ్రీల స్థాయి వేగంతో చల్లార్చి దీనిని తొలిసారి సాధించింది. కరిగిన బిందువును చల్లని రాగి పలక మీదికి విసరడానికి ఆ బృందం వాడుకున్నది ఒక వాయు ఆఘాత తరంగాన్నే కావడం విశేషం. 1993 నాటికి అక్కడే జిర్కోనియం, టైటానియం, రాగి, నికెల్, బెరీలియం కలిసిన విట్రెలాయ్ అనే మిశ్రమం తయారై, పలుచని రేకులకు బదులు మందపాటి కడ్డీలు పోయడం సాధ్యమైంది.

ఈ రంగంలో తెలుగువారి కృషి చిన్నది కాదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో టి.ఆర్. అనంతరామన్ నడిపిన పరిశోధనల్లో పి. రామచంద్రరావు, సి. సూర్యనారాయణ ప్రముఖులు; సూర్యనారాయణ 2011లో జపాన్ శాస్త్రవేత్త అకిహిసా ఇనోయెతో కలిసి మందపాటి లోహపు గాజుల మీద పెద్ద గ్రంథమే రాశారు. ఈ గాజులు బలానికి ఎలా లొంగుతాయో వివరిస్తూ ఉపద్రష్ట రామమూర్తి మరి ఇద్దరితో కలిసి 2007లో ప్రచురించిన సమీక్షా వ్యాసం పరిశోధకులు తరచుగా ఆశ్రయించే రచన.

స్ఫటికలోహం వంగినప్పుడు పరమాణు వరుసల్లోని లోపాలు జరుగుతూ పోయి, రేణువుల సరిహద్దుల దగ్గర అడ్డు తగిలి ఆగుతాయి. గాజులో వరుసలూ లేవు, సరిహద్దులూ లేవు. అందుకే విట్రెలాయ్ సుమారు 1.9 గిగాపాస్కల్‌ల దాకా, తన పొడవులో రెండు శాతం మేర సాగి కూడా, చెక్కుచెదరదు. కాని ఒకసారి లొంగిందంటే కదలిక అంతా పది, ఇరవై నానోమీటర్ల మందం గల ‘జారుడు పట్టీ’లో గుమిగూడుతుంది. దానిని ఆపే అడ్డు ఏదీ లేకపోవడమే ఈ పదార్థపు అసలు బలహీనత. 2006లో లెవాండోవ్‌స్కీ, గ్రీర్ అనే శాస్త్రవేత్తలు లోహపు గాజు మీద పలుచని తగరపు పూత వేసి పరీక్షించగా, పట్టీలు బయటికి వచ్చిన చోట 232 డిగ్రీల దగ్గర కరిగే ఆ తగరం పూసలుగా కరిగిపోయి కనిపించింది. అంటే పట్టీలో వేడి క్షణమాత్రం విపరీతంగా పెరుగుతోందన్నమాట.

ఆఘాత పరీక్షలో వాయు తుపాకీతో ఒక పలకను మరో పలక మీదికి విసురుతారు. పక్కలకు వ్యాకోచించే వీలు లేనందున, విట్రెలాయ్ వంటి గాజు ఇక్కడ ఆరేడు గిగాపాస్కల్‌ల దాకా స్థితిస్థాపకంగానే నిలుస్తుంది. ఆ తరువాత తరంగం వెనుక ముఖం నుంచి తిరిగి వచ్చి, లోపల లాగుడుగా మారినప్పుడు పలక మధ్యలో పొరగా చీలుతుంది. 2002లో కాల్‌టెక్ బృందం ప్రకటించిన కొలతలో ఆ చీలికకు కావలసిన లాగుడు 2.35 గిగాపాస్కల్‌లనీ, చీలికకు మూలం జారుడు పట్టీలేననీ తేలింది.

నిదానంగా పెంచే పీడనం కథ వేరు. 2011లో సీరియం, అల్యూమినియం గాజును వజ్రపు మొనల మధ్య 25 గిగాపాస్కల్‌ల దాకా నొక్కితే, వేడి చేయకుండానే, అది ఒకే స్ఫటికంగా మారిపోయింది. పీడనం కింద సీరియం పరమాణువు కుంచించుకుపోయి, అల్యూమినియంతో పరిమాణంలో ఉన్న తేడా తగ్గడమే ఇందుకు కారణంగా భావిస్తున్నారు.

జారుడు పట్టీలకు అడ్డుకట్టగా గాజులో మెత్తని స్ఫటిక శాఖలను పెంచిన మిశ్రమాలు నెమ్మదైన బలానికి చక్కగా సాగుతాయి. కాని 2002 నాటి ఆ ఆఘాత పరీక్షలోనే అటువంటి మిశ్రమాన్ని కూడా ఢీకొట్టించి చూడగా, అది 2.11 గిగాపాస్కల్‌లకే, అంటే శుద్ధ గాజు కన్నా ముందే, చీలిపోయింది. ఆ స్ఫటిక శాఖలు గాజును అంటుకొని ఉన్న సరిహద్దులే ఊడి వచ్చాయి.